జోరీగ కుట్టిన చోటు

గెంట్‌లో పొద్దుట్నుంచీ ముసురు.
గొదెలీవ్ దీపాన్ని పక్కకు వాల్చింది.
తోలు ఆకు మీద వెంట్రుకల కుదుళ్ళు లేచాయి.

బంగారు అక్షరం లోపల ఒక నత్త,
దాని మీదికి ఈటె ఎత్తిన కుందేలు.
ఎర్ర గీతల మీద లాటిన్ పాట
ఒక చిల్లు దాకా వచ్చి
పక్కనించి తిరిగి, అవతల మళ్ళీ అందుకుంది.

చిల్లు రాసినవాడిది కాదు.
లేగ బతికున్నప్పుడెప్పుడో
జోరీగ కుట్టిన చోటు.

అంచున మైనపు బొట్టు. మూలన బొటనవేళ్ళ నలుపు.
అడుగు వరస కత్తెరకు పోయింది.
ఏ షావుకారో పద్దుల పుస్తకానికి అట్ట వేసుకున్నాడు;
వెనక, 'ఉన్ని, పదకొండు మూటలు'.

ఆ లెక్క చదవడానికి ఇంకాస్త వంగింది.
ఊపిరి తగిలి
ఆకు మూల మెల్లగా పైకి లేచింది,
పిలిస్తే చెవి తిప్పినట్టు.