అర మెట్టు కిందికి

నీవా ఏటి మింద బ్రిడ్జి గట్టిగా నిలబడుండాది,
కింద నీళ్లు లేకపోయినా.
నా గిటారు బ్రిడ్జి మాత్రం తేలతా ఉంటాది.
ముందర ఆరు తీగలు లాగతాయి,
వీపులో మూడు స్ప్రింగులు పట్టుకోనుంటాయి.
ఎవురూ గెలవని చోట
అది కుదురుగా ఉన్నట్టు కనపడతాది, అంతే.

రాయవేలూరులో పాత సామాన్ల అంగట్లో కొన్నా,
తోతాపురి సీజన్లో రెండు నెల్ల ఓటీ దుడ్లు పెట్టి.
అమ్మినాయన అప్పుడే చెప్పినాడు:
"దీన్ని ఊరికే కదిలించొద్దు పాపా.
ఒక శ్రుతిలో పెట్టినావంటే
ఆ శ్రుతిలోనే బతకనీ."

తొమ్మిదేండ్లు బతకనిచ్చినా.
ఆదివారాలు చర్చిలో రాహేలక్క పాడతాది, నేను వాయిస్తా.
మిగతా ఆర్రోజులు పల్పు ఫ్యాక్టరీలో
బెల్టుకు అటుపక్క ఆమె, ఇటుపక్క నేను,
మచ్చకాయలు ఏరతా.

మొన్న మార్చిలో ఆమె గొంతులో గడ్డ తీసినారు.
కుట్లు మానినాయి, మాట వచ్చింది.
పాట కూడా వచ్చింది,
మూడో చరణం దాంకా.
ఆడ పైకి పోవల్సిన చోట
చీకట్లో లేని మెట్టు మింద కాలేసినట్టు
ఆగిపోయింది.

కొయిర్ చూసుకునే జయశీలన్ గారు
కండ్లద్దాలు తుడుచుకుంటా అన్నాడు:
"వేరే పాపను చూద్దాంలే."
నాకెట్ల వచ్చిందో నోట్లోకి:
"పాపను మార్చొద్దయ్యా, పాటను దించుతా.
అర మెట్టు. ఒక వారం టైమియ్యండి."

సులభమనుకుంటి.

శనివారం రాత్రి షిఫ్టు దిగి,
గోళ్ల సందుల్లో ఇంకా మామిడి పసుపు,
ఎల్-కీతో బిగింపులు వదిలించి
లావు తీగను దించినా.
బ్రిడ్జి వెనక్కి కుంగె.
తక్కిన ఐదూ ఒక్కసారే పైకి లేచినాయి,
ఇంట్లో ఒకరు గొంతు తగ్గిస్తే
ఇదే సందని అందరూ అరిచినట్టు.
దాని పక్క తీగను దించితే
దించిన లావుది మళ్లీ లేచె.
ఒకదాన్ని కూర్చోబెడితే ఇంకొకటి,
దాన్ని కూర్చోబెడితే ఇది.

బయట రోడ్డు పొడుగునా కాయల లారీలు,
గేటు తెరిస్తే చాలని నిద్రపోతా.
లారీ కింద పడుకున్న డ్రైవరొకాయన
దుప్పట్లోంచి తల బయటపెట్టి అడిగినాడు:
"ఏం పాపా, గంట నుంచి ఒకే కూత!
పాట ఎప్పుడొస్తాది?"

రెండు దాటినాక తెలిసింది,
కొట్లాట ముందర లేదని.
గిటారు బోర్లా వేసి, వెనక మూత తీస్తే
స్ప్రింగులు పాత బలంతోనే లాగతా ఉండాయి,
తీగలు తగ్గినాయని వాటికెవురు చెప్పినారు?
రెండు స్క్రూలు. పావు తిప్పు వదులు.
తిరగేసి వినడం.
ఇంకో పావు.
మళ్లీ బోర్లా, మళ్లీ వినడం.
తెల్లారి పాలవాడి బండి శబ్దానికి
బ్రిడ్జి చెక్కకు సమంగా నిలబడింది,
అర మెట్టు కింద,
అంతే నెమ్మదిగా తేలతా.

ఆదివారం మూడో చరణం వచ్చింది.
రాహేలక్క కండ్లు మూసుకోనింది.
పాయింది పైకి.
పై దాంకా పాయింది.
జయశీలన్ గారు నాతో గుసగుసగా,
"గొంతు బాగైపాయనే!" అన్నాడు.
నేను అవునయ్యా అన్నా.

సోమవారం బెల్టు కాడ
ఆమె థ్యాంక్స్ గీంక్స్ ఏం చెప్పలేదు.
మచ్చకాయ ఒకటి పక్కకు తోసి అడిగింది:
"వచ్చే వారం పిల్లోళ్ల పాటకు
మళ్లీ పైకి తిప్పల్ల గదా?"
"తిప్పల్ల."
"దాని మరుసటి వారం నాకు?"
"మళ్లీ దించల్ల."
మధ్యాన్నం అన్నం క్యారియరుతో పాటు
ఎర్ర గోళ్లరంగు సీసా ఒకటి నా ముందర పెట్టింది,
"గుర్తు పెట్టుకో" అని.

ఇప్పుడు గిటారు వీపులో, మూత కింద,
ఒక్కో స్క్రూ పక్కన రెండు ఎర్ర చుక్కలు:
ఒకటి పిల్లోళ్లది, ఒకటి ఆమెది.
చుక్క కాడికి తిప్పినా
సరిగ్గా ఆడికే రాదు ఎప్పుడూ.
వానకొక రకం, ఎండకొక రకం.
కొంచేపు కూర్చోని వినల్ల.