ఆరడుగుల రెండంగుళాలు

ఆటోనగర్ మూడో రోడ్డులో
వెల్డింగ్ మెరుపులకు మొహం పక్కకు తిప్పుకుంటూ
నాగుల్‌మీరా నా చేతిలో కాగితం పెట్టాడు.
"ఆసియాలోనే ప్రప్రథమం. అత్యద్భుతం. నభూతో నభవిష్యతి.
చాలకపోతే ఇంకో రెండు మీరే వెయ్యండి మాస్టారూ."

ఇరవై రెండేళ్లు జిల్లా డెస్కులో
నేను బుట్టలో వేసిన ప్రెస్‌నోట్లన్నీ
ఇలాగే మొదలయ్యేవి.
రాత్రి పదింటికి, ఎడిషన్ గొంతు మీద కూర్చున్నప్పుడు
అత్యద్భుతాలకు చోటుండదు.
నాలుగు లైన్ల సందుంటుంది, అంతే.
అందులో దూరగలిగిందే వార్త.

ఎర్ర పెన్ను తీశాను.
ఆసియా పోయింది.
రిబ్బను కత్తిరించిన పెద్దమనిషి
మొదటి లైనులోంచి ఆఖరికి జారాడు.
శాలువా ఫొటో వద్దన్నాను.
మీరా మొహం పంచరైన టైరులా మెల్లగా దిగిపోయింది.

"ఇంతకీ ఏం చేశారు మీరు?"
"లారీ క్యాబిన్లో బల్ల సార్. డ్రైవరు పడుకునేది."
"అందరూ చేస్తారుగా?"
"అందరిదీ ఐదున్నర. మనది ఆరడుగుల రెండంగుళాలు."
"ఆ రెండంగుళాలు దేనికి?"

లేతు మిషను ఆగింది. టీ వచ్చింది, చల్లారింది.
"మా నాయన పొడుగు మనిషి.
కలకత్తా లైను, ముప్పయ్యేళ్లు.
మోకాళ్లు ముడుచుకునే నిద్రపోయాడు.
ఇంటికొచ్చి నులకమంచం మీద పడుకున్నా
కాళ్లు చాపేవాడు కాదు.
అది రాయొద్దు సార్, ఇంటి సంగతి."

రాయలేదు.
కొలత మాత్రం ముందుకు తెచ్చాను:
డ్రైవరు కాళ్లు చాపుకుని పడుకునే క్యాబిన్,
పొడవు ఆరడుగుల రెండంగుళాలు,
తయారీ విజయవాడ ఆటోనగర్.
ధర. చిరునామా.
ఫోన్ నంబరు మూడుసార్లు పైకి చదివించాను.
పెయింటర్ ఏసుపాదం బ్రష్ ఆపి నవ్వాడు,
పెళ్లి ముహూర్తంలా చూస్తున్నారేంటండీ అని.
విశేషణం తప్పితే ఎవరూ అడగరు నాయనా,
అంకె తప్పితే ఎవరూ పిలవరు.

మంగళవారం ఏడో పేజీలో
కరెంటు కోత ప్రకటనకీ తప్పిపోయిన గేదెకీ మధ్య
నాలుగు లైన్లు.
మీరా పేరులో దీర్ఘం ఎగిరిపోయింది.
అలిగి రెండు గంటలు నాతో మాట్లాడలేదు.

పదకొండున్నరకి ఫోను.
స్పీకర్లో హైవే హోరు, ఎవరిదో హారను.
"ఇబ్రహీంపట్నం దగ్గరున్నానండీ. టీకొట్టులో పేపరు చూశా.
ఆరడుగుల రెండు... నిజమేనా?"

మీరా గొంతు సవరించుకున్నాడు.
ఆసియా అంటాడనుకున్నాను.

"వచ్చి పడుకుని చూడు అబ్బాయ్."