మెక్సికోకు ఏ నెల

నల్లగొండ ప్రకాశం బజారు టికెట్ల కొట్టుల
మెక్సికో బీచు బొమ్మ ముందర పరిచి
మక్బూల్ సాబు క్యాలెండరు తిప్పుతున్నడు:
"డిసెంబరు నుంచి ఏప్రిల్ దాక
అక్కడ సముద్రం సాదు ఆవు. అప్పుడే పోవాలె."

సైదమ్మ వేళ్లు ముడుస్తున్నది.
డిసెంబరుల బత్తాయి తోటకు నీళ్లు బందు,
ఆకు వాడేదాక చెట్టుకు ఒక్కపొద్దు.
జనవరిల తడి. ఫిబ్రవరిల పూత.
పూతను ఇడిసి ఎవలన్న ఊరు దాటుతరా?

"పైసలు చేతులవడేది సెప్టెంబరుల, సాబు."

"అప్పుడక్కడ తుఫాన్లు, అమ్మా. రూములు సగం ధరే,
కిటికీల అవతల ఏం కనవడదు, వానే."

ఏడు వందల అడుగులు దించితే
దుమ్ము తప్ప ఏం లేవని బోరు ఆమెది.

"ఎన్ని దినాలు పడుతది?"
"వారం. ఒక్కోసారి ఆగదు."

సైదమ్మ కుర్చీ ముందుకు జరుపుకున్నది.
"గా నెలే రాయి."