బేరానికి వచ్చిన పడవ

తంపెరెలో మార్చి నెల.
కరగాలా వద్దా అని మంచు
రోడ్డు మీదే నిలబడి ఆలోచిస్తోంది.
పైఅంతస్తు హిల్కాకి నా వ్యాను కావాలట,
వ్యానుతో పాటు నా నడుమూ.
డాక్టరు భుజానికి వ్యాయామం రాసిచ్చింది,
కొత్త మెషిన్ ధర విన్నాక
రెండో భుజం కూడా నొప్పెట్టిందట.

ట్రాముల షెడ్డులో ఇరవై రెండేళ్ళు
చక్రాలకి చెవి ఆనించి బతికిన మనిషి.
జేబులో టేపు, టార్చి, పాత గుడ్డపీలిక,
రెండు కవర్లలో డబ్బు:
ఒకటి వాళ్ళడిగేది, ఒకటి తనిచ్చేది.
మా లిఫ్టు తలుపు వెడల్పు
అరచేతి మీద పెన్నుతో రాసుకుంది.
"ముందు గుమ్మాన్ని అడగాలి,
తర్వాతే మెషిన్ని."

మొదటి ఇంట్లో ట్రెడ్‌మిల్.
దాని చేతుల మీద ఆరేసిన సాక్సులు
మమ్మల్ని చూసి గబగబా తీశారు.
"కొత్తదే అనుకోండి,
మొత్తం తిరిగింది పద్నాలుగు కిలోమీటర్లు!"
గర్వంగా చెప్పాడు కుర్రాడు.
వాడి పెళ్ళాం కిటికీలోంచి పార్కింగు కేసి చూసింది.
హిల్కా బెల్టు కిందికి చెయ్యి పోనిచ్చింది.
పొడి. చలికాలపు పెదవిలా పగిలిన పొడి.
స్విచ్చి వేస్తే
మోటారు దగ్గర కాలిన వాసన, కొంచెమే,
పక్కింట్లో పాలు పొంగినంత.
"నడవకపోయినా దీనికి వయసొస్తుంది బాబూ,
మనకి లాగే."

రెండోది సైకిలు. ఒళ్ళంతా వెండి రంగు,
రంగుకి నిన్నటి వాసన.
పెళ్ళిచూపులకి ఎవరైనా ముస్తాబవుతారు కానీ
సైకిలెందుకవుతుంది?
సీటు కింద గోరుతో గీకింది:
అతుకు మీద వెంట్రుకంత పగులు.
ఆయన వెంటనే నలభై యూరోలు తగ్గించాడు.
"పగులుకి తగ్గింపు ఇస్తారు సరే,
నా పళ్ళకి ఎవరిస్తారు?"

మెట్లు దిగుతూ నాకు పాఠం:
తక్కువ తిరిగిందని మురిసిపోకు,
తిప్పినవాడు తుడిచాడా చూడు.
విడి బోల్టులు డబ్బాలో దాచిపెట్టినవాడి దగ్గర
కళ్ళు మూసుకుని కొనచ్చు.
అయినా మూయకు.

మూడోది సరస్సు ఒడ్డున, తార్మో గ్యారేజీలో.
బయట బోర్లించిన పడవ మీద మోకాలెత్తు మంచు,
లోపల దుప్పటి కప్పిన రోయింగ్ మెషిన్.
మీటరు మీద నాలుగు వేల కిలోమీటర్లు.
కాఫీ డబ్బాలో బోల్టులు,
మూత మీద తేదీలు: నూనె వేసినవి.
ఆఖరి తేదీకి ఆరేళ్ళు.
ఎందుకని హిల్కా అడగలేదు, తార్మో చెప్పలేదు.
ఆ ఊళ్ళో అది మర్యాద.

సంతలో ఎద్దు పళ్ళు చూసినట్టు చూసింది:
పట్టా మీద బొటనవేలు రాసి ఇసక వెతికింది,
గొలుసు లాగి వదిలి
తిరిగెళ్ళే చప్పుడు విన్నది.
మొదటి కవరు మీద చెయ్యి పడింది,
మొదటిసారి.
"సరే, ఇప్పుడు నువ్వు కూర్చుని చూపించు.
అమ్మేవాడు తిప్పంది నేను కొనను."

తార్మో కూర్చున్నాడు.
ముందు మోగినవి మోకాళ్ళు, గొలుసు కాదు.
ఒకసారి లాగాడు. రెండు. పది.
చాలు అని హిల్కా అంది.
చాల్లే అని నేనూ అన్నాను.
పడవ నడిపేవాడు వెళ్ళే వైపు చూడడు,
వదిలొచ్చిన గట్టునే చూస్తాడు.
తార్మో గోడకి తగిలించిన పారని చూస్తున్నాడు,
వీపు వెనక గడ్డకట్టిన సరస్సంతా ఉంది.
చొక్కా మీద చెమట మెల్లగా దారి చేసుకుంది.
"ఎంతకిస్తావు?"
గాలిచక్రం ఒక్కటే జవాబు చెప్తోంది,
హుస్సుమని, ఆగి, హుస్సుమని.

కాసేపు నిలబడ్డాం.
హిల్కా కవరు లోపల పెట్టుకుంది.
గుడ్డపీలిక తీసి పట్టా తుడవడానికి వీలుగా
అతని కుడిపక్కన పెట్టింది.
"గొలుసుకి నూనె అడుగుతోంది" అంది, అంతే.

ఖాళీ వ్యాను గుంతల్లో పెద్దగా మోగుతుంది.
నా నడుము క్షేమం, ఆవిడ భుజం మాత్రం అలాగే.
"మంచి సరుకు" అంది చాలా దూరం వచ్చాక,
"అందుకే దొరకలేదు."
అరచెయ్యి విప్పి చూసుకుంది.
లిఫ్టు కొలత ఇంకా చెరగలేదు.