ఓర్పయ్య, ఎండమ్మ

ఓర్విల్ అనడం మావాళ్ళ నోటికి రాలేదు,
ఓర్పయ్య అన్నారు.
ఎడ్నా అనబోయి ఎండమ్మ అన్నారు.
కనిగిరి ఎండకి ఆమె ముఖం పండుమిరప అయ్యేది గనక
పేరు అతికింది.

ఆయనకి అరవై తొమ్మిది, ఆమెకి అరవై ఏడు.
ఆ వయసుకి మా పేటలో
మంచం ఎక్కడ వేస్తే మనిషి అక్కడ.
వీళ్ళేమో రెండు ట్రంకుపెట్టెలతో, ఒక పానాల సంచితో
పామూరు బస్సు దిగారు.
మా నాయన, కంపౌండర్ జకరయ్య,
బంగళా తాళం తీసి ముందు తేళ్ళని తోలి
తర్వాత వందనాలు చెప్పాడు.

నాకప్పుడు పద్నాలుగు.
నీళ్ళు మొయ్యడం, పొయ్యి చూడడం, తెలుగు నేర్పడం,
మూడింటికీ కలిపి నెలకి నలభై రూపాయలు.

తెల్లారి నాలుగింటికే కిరసనాయిలు స్టవ్వు కొట్టే చప్పుడు.
కాఫీ ఆయనే కాచేవాడు.
ఆమె లేచీ లేవగానే కళ్ళజోడు వెతుక్కునేది,
అది ఆయన ముక్కు మీద ఉండేది.
కాసేపు వాళ్ళ భాషలో సన్నగా పోట్లాట,
ఆపైన ఒకే బైబిలు మీదికి రెండు తెల్లతలలు.
రాగిసంగటి మింగడం ఆమెకి వచ్చింది.
ఆయన ఆఖరిదాకా నమిలాడు.

మంగళవారం ఆస్పత్రి వరండాలో ముసలోళ్ళ వరస.
మందుకి కాదు, గోళ్ళకి.
వంగని నడుములు, తిరగని మెడలు,
తమ పాదాలు తాము చూసుకుని ఏళ్ళయినవాళ్ళు.
గోరువెచ్చని నీళ్ళ బేసిన్ ముందు పీట వేసుకుని
కొమ్ముల్లా గట్టిపడ్డ గోళ్ళని
నానబెట్టి, నానబెట్టి కత్తిరించేది ఎండమ్మ.
"దొరసానివి, నా కాళ్ళు పట్టుకోబాకమ్మా" అని
మాలకొండమ్మవ్వ వెనక్కి లాక్కునేది.
ఎండమ్మకి బాగా వచ్చిన మాట ఒకటే:
"ఇంకో కాలు."

ఓర్పయ్యది బోరింగుల పని.
వెలిగండ్ల దాకా సైకిలు తొక్కేవాడు.
తోలు వాషరు మార్చి, చైను బిగించి,
మొదటి ధార పడగానే టోపీ తీసేవాడు, నీళ్ళకి.
ఏడాదిలో ముప్ఫై ఒక్క బోరింగు.

అప్పుడు వచ్చింది ఒంగోలు నుంచి పరీక్ష కాగితం.
ముప్ఫై ఒకటిలో ఇరవై ఆరు ఫ్లోరైడు.
ఆ మంగళవారం ఆయన వరండా స్తంభం పక్కన నిలబడి
నడుముల వరసని చాలాసేపు చూశాడు.
రాత్రి కంచం ముట్టలేదు.

మర్నాడు ఎర్రరంగు డబ్బా కొన్నాడు.
తను బతికించిన పంపులకి తనే రంగు పూశాడు.
నేను వెంట, మాటసాయానికి.
బిందెల మధ్య నిలబడి
నీళ్ళు అనాల్సిన చోట నేను అని,
"నేను మంచిది కాదు. నన్ను తాగొద్దు" అన్నాడు.

ఆడోళ్ళు ఒకరి మీద ఒకరు పడి నవ్వారు.
నేనూ నవ్వబోయి, ఆయన కళ్ళు చూశాను.
దిద్దలేదు.
ఇరవై ఆరు చోట్లా అదే మాట చెప్పాడు.

ఆదెమ్మ నవ్వాపి బిందె నింపుకుంది.
"మంచిది కాదని తెలిసీ తాగకేం చేస్తాం తాతా?
వేరేది చూపించు."
దానికి ఆయన దగ్గర మాట లేదు. నా దగ్గరా లేదు.

తర్వాత డ్రమ్ముల్లో పటిక, సున్నం కలిపి
నీళ్ళు తేర్చడం అయిదు ఊళ్ళకి నేర్పాడు.
రెండు ఊళ్ళు నెలకే మానేశాయి.
మిగతావి ఎన్నాళ్ళు చేశాయో నేను లెక్క రాసుకోలేదు.

పద్దెనిమిది నెలలకి గడువు తీరింది.
బస్సు కిటికీలోంచి ఎండమ్మ
గోళ్ళ కత్తెర నా చేతిలో పెట్టింది.
ఏదో చెప్పాలని నా భాషలో వెతుక్కుంది,
పెదాలు కదిలాయి, దొరకలేదు.
"ఇంకో కాలు" అంది చివరికి.
నేను పడీ పడీ నవ్వాను. ఇంటికొచ్చి ఏడ్చాను.

కత్తెరకి రెండుసార్లు సాన పట్టించాను.
ఇవాళ మంగళవారం.
వరసలో ముందు ఆదెమ్మే ఉంది, మెడ తిప్పలేదు ఇప్పుడు,
నన్ను చూడాలంటే ఒళ్ళంతా తిప్పుతుంది.
బేసిన్లో నీళ్ళు చల్లారిపోతున్నాయి,
పోవాలి.