సొట్ట

ట్రాన్‌హైమ్‌లో, ఫిబ్రవరిలో, మధ్యాహ్నం మూడింటికే
కిటికీలు నల్లబడేవి.
మా లాబ్‌లో దీపాలు ఎలాగూ వేసేవాళ్లం కాదు.
వేస్తే తెర మీది గీత వెలిసిపోతుంది.

ఆ గదిలోకి ఓడ్‌వార్ స్లెట్నెస్ వచ్చాడు,
టోపీ మీది మంచు దులుపుకోకుండానే.
ముప్పై ఆరేళ్లు ఓడల కార్ఖానా అటక మీద
మోకాళ్లతో నడిచిన మనిషి.
నల్లరంగు పూసిన చెక్కనేల మీద
అసలు ఓడంత పొడవున ఒంపులు గీయడం అతని పని:
ఒక సన్నటి బద్ద, దాన్ని వంచి పట్టే సీసపు దిమ్మలు, సుద్దముక్క.
లేస్తుంటే ఆ మోకాళ్లు
కొత్త చెప్పుల్లా కిర్రుమనేవి.

ప్రొఫెసర్ హెల్లన్ అతన్ని పిలిపించింది చూపించుకోవడానికి.
అతను వచ్చింది చూడడానికి.
ఆ రెంటికీ తేడా నాకు రాత్రికి గానీ తెలియలేదు.

టేపు ఎక్కించాను.
బీరువా అంత యంత్రం గొంతు సవరించుకుంది.
పళ్లెమంత గుండ్రటి గాజు మీద
సరకుల ఓడ ముక్కు
గీత వెంట గీతగా పచ్చగా మొలిచింది.
ఈ చివర నుంచి ఆ చివరకు
ఒక్కోటీ ఒక్క విసురు.

"ఎన్నిసార్లు గీస్తుంది?" అన్నాడు.
సెకనుకు ముప్పైసార్లు.
"గీసింది ఉంటుంది కదా, మళ్లీ ఎందుకు?"
ఉండదు. గాజుకు జ్ఞాపకం లేదు.
కిరణం అటు తిరగ్గానే ఇటు మరిచిపోతుంది.
"మరి అదెప్పుడు కూర్చుంటుంది?"
కూర్చుంటే ఓడ ఉండదు.
ఒక్కచోటే నిలబడిందా, లోపలి పూత కాలిపోతుంది.
ఎడమ మూలన ఆ గోధుమరంగు మచ్చ చూడండి,
నిరుడు మావాడొకడు కాఫీకి వెళ్లొచ్చిన గుర్తు.

నవ్వాడు. తర్వాత మోకాలు రుద్దుకున్నాడు.

ప్రొఫెసర్ గీతలు పెంచమన్నాడు.
ఐదు వందలు. వెయ్యి.
అన్నిటినీ చుట్టి రావడానికి కిరణానికి పొద్దు చాల్లేదు.
ఓడంతా రెప్పలు కొట్టుకోసాగింది,
జ్వరం తగిలిన పిల్లలా.
"చాకిరీ ఎక్కువైంది దానికి," అన్నాడు ముసలాయన.
సగం తీసేశాను. నెమ్మదించింది.

అప్పుడతను చేసిన పని మాలో ఎవరికీ ఎన్నడూ తోచలేదు.
కుర్చీలోంచి దిగి, చెంప గాజుకు ఆనించి,
ఒక కన్ను మూసి,
గీత వెంబడి పక్కనుంచి చూశాడు.
తెల్లగడ్డం వెంట్రుకలు తెరవైపు నిక్కబొడుచుకున్నాయి.

"ఇక్కడ సొట్ట ఉంది."

లేదన్నాడు ప్రొఫెసర్. లెక్కకట్టిన ఒంపు, సొట్ట ఎలా పడుతుంది?
"నీళ్లకు లెక్కలు రావుగా. ఇక్కడికొచ్చి తడబడతాయి."

ఎనిమిదింటి దాకా టేపు చిల్లులు వేలితో తడిమాను.
అతను కదల్లేదు. జేబులోంచి రొట్టె తీసి,
చీకట్లో, ఆ పచ్చటి ముక్కునే చూస్తూ తిన్నాడు.
పదిహేడో పక్కటెముక, నాలుగో ఎత్తు.
తొమ్మిది ఉండాల్సిన చోట ఆరు.
నేను కొట్టిన చిల్లే.

లైట్ పెన్ చేతికిస్తే సుద్దముక్కలా అడ్డంగా పట్టుకున్నాడు.
చుక్కను వెంట్రుకవాసి బయటికి జరిపాడు.
బద్ద లేకుండా, సీసం లేకుండా
గీత దాని వెంటే వంగింది.
"చేతికి ఏమీ తెలియడం లేదే," అన్నాడు,
మెచ్చుకోలో, ఫిర్యాదో.

తర్వాత వేరే తెరలు వచ్చాయి, రంగులవి, మరుపు లేనివి.
ఏటవాలు గీత వాటి మీద మెట్లుమెట్లుగా దిగేది.
వాటికీ ఒకట్రెండుసార్లు చెంప ఆనించాను,
ఎవరూ లేనప్పుడు.

ఆ రాత్రి యంత్రం ఆపేశాక
ఓడ నడిమికి ముడుచుకుని ఒక చుక్కై, కాసేపుండి, పోయింది.
"తప్పెక్కడ?" అన్నాడు ప్రొఫెసర్ కోటు తొడుక్కుంటూ.
టేపు చిరిగిందన్నాను.
ఓడ్‌వార్ నా వేళ్లకేసి ఒకసారి చూశాడు.
టోపీ పెట్టుకుని,
మెట్ల దగ్గర జారుతుంది, జాగ్రత్త, అన్నాడు నాతో.