నూటికి అరవై

ఉకెరెవె దీవిలో రాత్రి రెండింటికి
కబులా డబ్బా మూత తీస్తుంది.
నాలుగు రెక్కల పురుగు,
ముక్కు మీద అగ్గిపుల్లంత సెన్సర్,
కిరోసిన్ డ్రమ్ము మీద పరిచిన పాత చాప మీంచి
నిటారుగా లేస్తుంది.
గాలి ఎన్ని మెట్లెక్కితే చల్లబడుతుందో
ఏ మెట్టు మీద తడి కూర్చుని ఉందో
లెక్కపెట్టుకు రావాలి.

ఉపగ్రహానికి మబ్బు నడినెత్తి కనిపిస్తుంది.
ఒడ్డున ఉన్న స్తంభానికి గాలి చీలమండలు తగులుతాయి.
మధ్యలో ఆ కిలోమీటరు,
వాన కడుపుతో ఉండేది అక్కడే,
మంత్రసానిలా చెయ్యి పెట్టి చూసినవాళ్ళు
ఇన్నాళ్ళూ లేరు.

కబులా అంటే వానలో పుట్టిన పిల్ల.
'పేరుకు తగ్గ కొలువే దొరికింది' అని
ఒడ్డంతా నవ్వుతుంది.
మిడతల ఏడు పుట్టిన న్యాంజిగె మాత్రం నవ్వదు.
ఆమెకి ఒక పడవ, ఆరు సోలార్ దీపాలు,
ఇసుక మీద దగా ఎండబెట్టుకునే నాలుగు వలపట్టలు.

దగా అంటే ఇక్కడ చేప.
సూదంత చేప, వెండి చేప,
చీకటి రాత్రుల్లో దీపానికి మోసపోయి వచ్చే చేప.
మన భాషలో ఆ మాటకేం అర్థమో
ఈ సరస్సులో ఎవరికీ తెలీదు.

మొన్న అమావాస్యకి ఎర్రజెండా ఎగిరింది.
ఫోన్లన్నీ ఒక్కసారి గొణిగాయి:
ఉరుముల గాలి, నూటికి అరవై.
ముప్పై పడవలు ఇసుక మీద బోర్లా పడుకున్నాయి.
తెల్లారేసరికి
విక్టోరియా సరస్సు మీగడ కట్టిన పాలగిన్నె.
ఆ పొద్దున దగాకి రెండు అర్థాలూ ఒకటే.

న్యాంజిగె ఖాళీ బుట్టతో గుడిసెలోకొచ్చింది.
"అరవై అంటే ఏంటే పిల్లా?
నా పడవ ఒకటే. నడిపే మగేసా ఒక్కడే.
అరవై వంతులు మునిగి
నలభై వంతులు ఇంటికొస్తాడా?"

కబులా దగ్గర జవాబు లేదు.
తెర ఇటు తిప్పింది.
పచ్చగీత ఒకటి పైకి పోతూ పోతూ
నాలుగొందల మీటర్ల దగ్గర మోచేయిలా వంగింది.
"కింద తడి ఉందవ్వా. పైన వేడిగాలి మూత.
మూత లేస్తే తుపానే.
నిన్న లేవలేదు."

ముసలమ్మ ఆ మోచేతిని చాలాసేపు చూసింది.
"మూత ఎప్పుడు లేస్తుందో కుండకేం తెలుసు,
వండేదానికి వాసనొస్తుంది గానీ."
పడమటి నుంచి నానిన జమ్ము వాసన.
కుక్కలు ఇసుక తవ్వుకుని పడుకోవడం.
"ఎన్ని గంటలకి?" అడిగింది కబులా.
రిజిస్టరు చివర్న
పేరులేని గడిలో రాసుకుంది.

తర్వాత ఒకసారి పురుగు జమ్ములో కూలింది.
పిల్లలు తెచ్చిచ్చి రెండువేల షిల్లింగులు పుచ్చుకున్నారు.

తర్వాత ఆ రాత్రి.
తొమ్మిదింటి గీత నూటికి ముప్పై అంది.
పసుపుజెండా. పడవలు వెళ్ళాయి.
రెండింటికి నేలమీదే గాలి హద్దు దాటింది;
రూలు ప్రకారం పురుగు డబ్బాలోనే ఉండిపోయింది.
కబులా పరుగున న్యాంజిగె తలుపు కొట్టింది.
"అవ్వా, వాసనేమైనా వచ్చిందా?"
"రెండ్రోజులుగా జలుబే తల్లీ" అంటూనే
ముసలమ్మ చెప్పుల్లేకుండా ఒడ్డుకి నడిచింది.

మగేసా వచ్చాడు. ఇరవై తొమ్మిది పడవలొచ్చాయి.
లుగోలా, అతని బావమరిది రాలేదు.
మూడోరోజు వాళ్ళ దీపం ఒకటి దొరికింది
జమ్ములో చిక్కుకుని,
ఇంకా వెలుగుతూ.

ఇప్పుడు రోజూ రెండింటికి
చాప మీద టార్చి పట్టుకునేది న్యాంజిగే.
పురుగు లేస్తుంది. దాని ఎర్రదీపం
పైకి వేటకెళ్ళిన పడవలా చిన్నదవుతుంది.
ఇద్దరూ మెడలెత్తి నిలబడతారు.
"ఎంతంటుంది?"
"ఇంకా దిగలేదవ్వా, ఆగు."
ముసలమ్మ ఓసారి ముక్కు చీది
పడమటికి తిరుగుతుంది.